పద్నాలుగు వేలమందీ ఒక్కతే

ఏథెన్సు నగరం గుంటూరు ఊరిబయట, పొగాకు కంపెనీ ఎప్పుడో వదిలేసి పోయిన గొడౌన్లో ఉంది. చిట్టెల కోటిలింగం అక్కడికి ఆటోలో వెళ్ళాడు.

“ఈడ ఏముంది తాతా, ఎలకలు తప్పితే?” అన్నాడు ఆటో అబ్బాయి.

“జనం కాసుకోనున్నారబ్బాయ్ నాకోసం. పద్నాలుగు వేలమంది.”

ఆటో అబ్బాయి ఆయన మొహం వంక ఒకసారి, సీసా ఏమన్నా దాచాడేమోనని జేబు వంక ఒకసారి చూసి బండి తిప్పుకున్నాడు. వెనక దిగిన సామ్రాజ్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోటిలింగం భార్య నవ్వితే ముందు భుజాలు నవ్వుతాయి. శబ్దం తర్వాత నింపాదిగా వస్తుంది.

లోపల చూడ్డానికి ఏమీ లేదు. సిమెంటు నేల మీద గుండ్రంగా సున్నం గీత, చుట్టూ నల్లటి పలకలు, పైన అల్లిబిల్లిగా తీగలు. కోటిలింగం నారగుడ్డతో చేసిన మాస్కు తగిలించుకుని సున్నం గీత దాటాడు. పలకలు సన్నగా గుర్రుమన్నాయి. అంతే, ఒళ్ళు జలదరించింది.

మనిషన్నవాడు కనిపించడు. కానీ తెల్లారకముందే వచ్చి కొండవాలు మీద ఎండలో కూర్చున్న జనం ఒంటివేడి వచ్చి తగిలింది. వెల్లుల్లి వాసన, ద్రాక్షసారా వాసన, వేలమంది ఊపిరి. అన్నిటినీ మించి, చూపు. ఎవరన్నా మనల్ని వెనకనుంచి చూస్తుంటే మెడ మీద తెలుస్తుందే, అది. దాన్ని వేలతో హెచ్చవేసుకోవాలి. నలభై ఏళ్ళు స్టేజీ మీద బతికినవాడికి అదేమిటో ఇంకొకరు చెప్పాలా?

నాటకం జోజయ్య మాస్టారు రాసింది. యుద్ధం గెలిచి ఇంటికొచ్చిన రాజు, గుమ్మంలో ఎదురొచ్చిన సొంత కూతుర్ని గుర్తుపట్టడు. శత్రువుల పిల్ల అనుకుని గెంటించేస్తాడు. ఎవర్ని గెంటాడో తెలిసేసరికి పిల్ల ఏటిపాలు. కోటిలింగం గొంతెత్తి, “పో, నా గడప తొక్కకు!” అన్నాడు. ఆ మాటతో కొండంతా దడదడమంది. వేల మడమలు రాతిమెట్లని తన్నాయి. కోటిలింగం పొంగిపోయి మరో రెండు మెలికలు రాగం తీశాడు.

బయటికొచ్చాక మాస్టారు నుదురు కొట్టుకున్నాడు. “అది మెప్పు కాదయ్యా. కోపమొస్తే వాళ్ళట్టా తంతారు.”

“నా మీదా?”

“రాజు మీదలే. నువ్వు బతికిపోయావు.”

జోజయ్య మాస్టారు కాలేజీలో ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నిద్రపోయే పిల్లలకి పడమటి దేశాల నాటకాలన్నీ చెప్పాడు. ఆయనకి ఒకటే దిగులు. “పుస్తకంలో నాటకం చదవటమంటే, తిని పారేసిన విస్తరాకు చూసి పెళ్ళి భోజనం ఎట్టా ఉందో చెప్పటం. ఆ మాటలకి ఆ రోజుల్లో జనం ఎందుకేడ్చారో, ఎందుకు నవ్వారో ఎవడికి తెలుసు? జనం లేరుగా!”

ఆ జనాన్ని తయారుచేసింది ప్రసూన. సామ్రాజ్యం తమ్ముడి కూతురు. మెదడు మీద పరిశోధన చేసే డాక్టరు. పాత రాళ్ళూ కుండల మీద బొమ్మలూ నాటి ఉత్తరాలూ చెప్పినదంతా యంత్రానికి నేర్పింది. ఏ కాలంలో ఎలా కూర్చునేవారు, ఏం తినేవారు, ఎప్పుడు అరిచేవారు, అంతా. కానీ చూడటం మాత్రం నేర్పలేకపోయింది. చూడటం బతికున్న మనిషి నుంచే రావాలి, మామిడికి అంటు కట్టినట్టు. మొదట్లో కాలేజీ పిల్లల తలకి తీగల టోపీ పెట్టి నాటకం చూపించి, ఆ చూపుతో అంటు కట్టింది. మూడో నిమిషానికల్లా ఏథెన్సు జనమంతా ఒక్కసారిగా నడుములు తడుముకున్నారట, ఫోన్ల కోసం.

అప్పుడు మేనత్త గుర్తొచ్చింది ప్రసూనకి.

సామ్రాజ్యం నలభై ఏళ్ళుగా మొగుడి నాటకాలన్నీ చూసింది. చాప మీద ముందువరస, హార్మోనియం పక్క. పద్యాలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. అయినా రాజు కత్తి దూసేసరికి ప్రతిసారీ ఆవిడ చెయ్యి నోటిమీదికి వెళ్ళేది. చచ్చిపోతాడని తెలుసు. ఈసారన్నా బతుకుతాడేమోనని చూసేది. టోపీ ఆవిడ తలకి పెట్టగానే యంత్రంలో అంటు చటుక్కున చిగురు వేసింది. ఆట జరిగినంతసేపూ గొడౌను పక్కన అద్దాల గదిలో టోపీ పెట్టుకుని కూర్చుని ఆవిడ చూడాలి. ఆవిడ చూపు వెళ్ళి పద్నాలుగు వేల చూపులవుతుంది.

ఇంటికి పోతూ కోటిలింగం ఛాతీ ఆటోలో పట్టలేదు. “ఏథెన్సు వాళ్ళనే ఏడిపించొచ్చానే సామ్రాజ్యం! నిరుడు మన సంగం జాగర్లమూడి ఆటకి ఎంతమంది ఉన్నారు? కుక్కతో కలిపి తొమ్మిదిమంది. ఇయ్యాల పద్నాలుగు వేలు!”

“ఆ పద్నాలుగు వేలూ నేనొక్కదాన్నే గదయ్యా,” అంది సామ్రాజ్యం, తలకి అమృతాంజనం రాసుకుంటూ. భుజాలు కదిలాయి.

“నీ మొహం. నువ్వు చూస్తే ఒక లెక్కా, జనం చూస్తే ఒక లెక్కా?”

పెరటి చెట్టు వైద్యానికి పనికి రాదని ఊరికే అనలేదు పెద్దలు. పెరటి చెట్టు కూడా ఆ సామెత విని నవ్వి ఊరుకుంది.

కోటిలింగం సంగతి కాస్త చెప్పుకోవాలి. ఒకప్పుడు ఆయన మైకు లేకుండా పద్యం ఎత్తుకుంటే రెండు వీధుల అవతల పిల్లలు నిద్ర లేచేవాళ్ళు. తర్వాత ఊళ్ళలో జనానికి నాటకం అక్కర్లేకపోయింది. తిరునాళ్ళలో రికార్డు డాన్సుకి ముందు పావుగంట ఇచ్చేవారు, అది కూడా డాన్సు వాళ్ళకి మేకప్ పూర్తి కాలేదని. కిరీటం పెట్టుకుని మైకు ముందు నిలబడితే, “తొందరగా సావవయ్యా రాజా!” అని ఎవడో అరిచాడు ఒకసారి. ఆ మాట ఇంటికొచ్చినా ఆయన చెవిలోంచి పోలేదు. అలాంటివాడికి గొడౌన్లో లోకం దొరికింది. వదుల్తాడా?

ఏథెన్సు తర్వాత రోము, అదే కథతో. అక్కడి జనం మహా చెడ్డవాళ్ళు. పక్క వీధిలో తాడు మీద నడిచేవాడు వచ్చాడంటే రాజుని కూడా వదిలేసి పోతారు. కోటిలింగం రాజుగా ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఒక పిల్లిమొగ్గ వేసి వాళ్ళని నిలబెట్టుకున్నాడు. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు గానీ రోము జనం ఈలలు వేశారు. ఆ తర్వాత ఆరొందల ఏళ్ళ కిందటి చర్చి ముందు బండి మీద ఆట. ఆ కాలంలో కంసాలీ రొట్టెలవాడూ వడ్రంగీ తలా ఒక వేషం కట్టి, చక్రాల బండి మీద నాటకం ఎక్కించి వీధివీధీ తిప్పేవారట. “మన రథం లాగా!” అన్నాడు కోటిలింగం. అక్కడ జనం మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. కూతుర్ని గెంటిన రాజు కోసం ప్రార్థన చేశారు. జన్మలో తన వేషం కోసం ఎవరూ ప్రార్థన చెయ్యలేదు. కోటిలింగం కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

ఇటలీ బజారులో మాత్రం పండగే. మాటలు రాసి ఇవ్వరు. కథ నాలుగు ముక్కలు చెప్పి, తోలుతో చేసిన సగం మాస్కు ముక్కుకి తగిలించి తోసేస్తారు. మిగతాది నీ నోరు, నీ అదృష్టం. రాజు అక్కడ పిసినారి ముసలాడైపోయాడు. కూతుర్ని గుర్తుపట్టకపోగా ఆ పిల్లనే పెళ్ళిచూపులు చూడ్డానికి వెళ్ళబోయాడు. కోటిలింగం సొంతంగా కల్పించి కల్పించి వాయించాడు. సంతంతా కడుపులు పట్టుకుని దొర్లింది.

ఆ సాయంత్రం ఇంట్లో పక్కవాటా రంగనాయకమ్మ వచ్చి, ఆవిడ అల్లుడు కొత్త స్కూటరుతో పాటు మురిక్కాలవలో పడిన వైనం చెప్పింది. బాగా చెప్పింది కూడా. సామ్రాజ్యం చిక్కుడుకాయలు ఒలుస్తూ మొత్తం విని, “దెబ్బలు తగిలినయ్యా?” అని అడిగింది.

రంగనాయకమ్మ తెల్లబోయి, “నవ్వవేందక్కా?” అంది.

“నవ్వాలా?” అంది సామ్రాజ్యం, అడిగి తెలుసుకుంటున్నట్టు.

కోటిలింగం పక్కగదిలో అద్దం ముందు లండన్ రాజు నడక సాధన చేసుకుంటున్నాడు. మాట చెవిన పడింది. ఇవతలికి రాలేదు.

లండన్లో కొయ్యతో కట్టిన గుండ్రటి నాటకశాల. పైన కప్పు లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆట. డబ్బులేనివాళ్ళు స్టేజీకి ఆనుకుని నిలబడి, కాయలు కొరుక్కుంటూ, నటుడి కాలి దగ్గర మోచేతులు ఆనించి చూస్తారు. కూతురి వేషం మీసం రాని కుర్రాళ్ళే వేస్తారని మాస్టారు చెబితే, “మనకీ అంతేగా ఒకప్పుడు!” అని కోటిలింగం వాళ్ళని సొంత మనుషుల్లో కలిపేసుకున్నాడు. ఆ రోజు ఆయన గొంతు కూడా బాగుంది. ఆఖరి అంకంలో రాజు తెలిసీ తెలియక చేసిన తప్పు తలుచుకుని, మోహనలో పద్యం ఎత్తుకుని, చివరి అక్షరం మీద గాలి ఆడనంతసేపు నిలబడి, కత్తితో పొడుచుకుని పడిపోయాడు.

కాయలు కొరికే చప్పుడు ఆగింది.

తర్వాత మూడువేల గొంతులు ఒక్కసారిగా: “వన్స్ మోర్!”

అద్దాల గదిలో జోజయ్య మాస్టారి చేతిలో కాఫీ గ్లాసు ఒలికింది. “నాలుగొందల ఏళ్ళ కిందటి లండన్లో వన్స్ మోరేందమ్మా!”

ప్రసూన తెరల వంక చూస్తోంది. “నేను పెట్టలేదు మాస్టారూ. మావయ్యా, లేవకు! ఆగు!”

ఎవరి మాట ఎవరు వింటారు? తెలుగు స్టేజీ మీద పద్యానికి వన్స్ మోర్ పడితే చచ్చినవాడు కూడా లేచి పాడాలి. అది మర్యాద. పొడుచుకున్న కత్తి పక్కన పెట్టి, జనానికి దణ్ణం పెట్టి, పద్యం మళ్ళీ అందుకుని, మళ్ళీ చక్కగా చావాలి. కోటిలింగం లేచాడు. దుమ్ము దులుపుకుని పాడాడు. చచ్చాడు. మళ్ళీ వన్స్ మోర్. మళ్ళీ లేచాడు. ఆయన ఎంత బాగా చస్తే వాళ్ళు అంత గట్టిగా అడిగారు. ప్రసూన పరిగెత్తుకెళ్ళి మీట దించేదాకా ఆ రాజుకి చావు లేదు.

గొడౌన్లోంచి ఆయన విజయగర్వంతో అద్దాల గదిలోకి వచ్చేసరికి, సామ్రాజ్యం కుర్చీలో తిన్నగా కూర్చుని ఉంది. టోపీ కింద మొహం చెమటపట్టి ఉంది.

“ఎట్టా ఉందే?”

“అయిపోయిందా?” అంది ఆవిడ. “పోదాం పద. కరెంటు పోతే నీళ్ళు రావు.”

ప్రసూన ఆ మాట విని అత్త ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఫోన్లో ఏవేవో చూపించింది. అరటితొక్క మీద జారి పడే పోలీసు, తప్పిపోయి దొరికిన దూడని నాకుతున్న ఆవు, ఆఖరికి సామ్రాజ్యం చనిపోయిన తమ్ముడి పెళ్ళినాటి వీడియో. సామ్రాజ్యం అన్నిటినీ శ్రద్ధగా చూసింది. పోలీసు పడ్డాడంది. ‘ఆవు’ అంది. తమ్ముణ్ణి గుర్తుపట్టి పేరు చెప్పింది. గోడకున్న క్యాలెండర్లో తేదీ చదివి చెప్పినట్టు చెప్పింది.

ప్రసూన మావయ్యని బయట వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. మామూలుగా గలగలలాడే పిల్ల. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

“అత్త చూపుని నకలు తీసుకుంటున్నామనుకున్నా మావయ్యా. నకలు కాదు. యంత్రం తోడుకుంటోంది. మామూలుగా ఆడితే కొంచెం కొంచెం తీసుకుంటది. మనిషి నిద్రపోతే మళ్ళీ ఊరేదేమో. కానీ నువ్వు ఇయ్యాల లేచి లేచి పాడావు చూడు, అప్పుడు యంత్రానికి ఇంకా కావాల్సొచ్చింది. దాని దగ్గరున్న లండన్ సరిపోక నేరుగా అత్తలోకి చెయ్యి పెట్టింది. అందుకే అత్త మాట బయటికొచ్చింది. ఆ వన్స్ మోర్ అంది లండన్ వాళ్ళు కాదు. అత్త.”

కోటిలింగం ఏమన్నాడో చెబితే ఆయన మీద మీకు కోపం వస్తుంది. వస్తే రానివ్వండి, రావాల్సిందే.

“నాలుగు రోజులు పడుకుంటే సర్దుకుంటదిలే. తలనొప్పి మనిషి గదా,” అన్నాడు.

“సర్దుకోకపోతే?”

“గొడౌను చూడ్డానికి ఢిల్లీ వాళ్ళు వచ్చేది సోమారం గదా. ఒక్క ఆట. ఒక్కటే.”

ప్రసూన కూడా గట్టిగా వద్దనలేదు. ఆరేళ్ళ పని ఆవిడది. ఢిల్లీ పెద్దలు చూసి సరే అంటే గొడౌను మ్యూజియం అవుతుంది, దేశదేశాల నుంచి వస్తారు. లేకపోతే మళ్ళీ ఎలకలదే. వెనకే వచ్చిన మాస్టారు కూడా వేపకాయ ఒకటి వేళ్ళతో నలుపుతూ నేల చూపులు చూశాడు. ఆయనకి ఇంకా చూడవలసిన కాలం ఒకటుంది. ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురికీ ఒక్క ఆట కావాలి.

ఆ ఆదివారం కోటిలింగం భార్యని అడిగాడు. “ఏమే, రేపు రాగలవా? వద్దంటే మానేద్దాం.”

“నీ ఇష్టం,” అంది సామ్రాజ్యం.

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆ మాట వెయ్యిసార్లు అని ఉంటుంది. ఎప్పుడూ అందులో ఒక విసురో, ఒక మురిపెమో, కనీసం ఒక బెదిరింపో ఉండేది. ఇది ఉత్త మాట. కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. కోటిలింగానికి నిద్ర పట్టలేదు. అయినా పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు.

సోమవారం ఆట కొత్త కాలానిది. జనం మీద దీపాలు ఆర్పేసి చీకట్లో కూర్చోబెట్టే కాలం. ముందు కొవ్వొత్తులు, తర్వాత గ్యాసు దీపాలు, తర్వాత కరెంటు వచ్చేసరికి వెలుగంతా స్టేజీ మీదికి పోయింది, జనం చీకట్లోకి పోయారు. ఎవరూ తినకూడదు, అరవకూడదు. స్టేజీకి మూడు గోడలు, నాలుగోది జనం ఉన్న వైపు గోడ. అది ఉన్నట్టు నటుడు నటించాలి. అసలు జనమే లేరన్నట్టు.

“జనం లేరనుకోవాలా? నా పనిలో అదొక్కటే రాదు మాస్టారూ,” అన్నాడు కోటిలింగం.

రాజు ఇప్పుడు రాజు కాదు. పెన్షను తీసుకునే ముసలి గుమాస్తా. కిరీటం లేదు, పద్యం లేదు, రాగం అసలే లేదు. బల్ల, రెండు కుర్చీలు, టీ కప్పు. చాలాకాలానికి ఇంటికొచ్చిన కూతురు ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే, ఎవరో పక్కింటి పిల్ల అనుకుని మర్యాదగా జవాబులు చెబుతాడు. అంతే కథ. కూతురి మాటలు ఎప్పటిలాగే స్పీకరు చెబుతుంది. అద్దం అవతల ఢిల్లీ పెద్దలు ముగ్గురు, మెడలో కార్డుల తాళ్ళు, చేతిలో మంచినీళ్ళ సీసాలు.

దీపాలు ఆరాయి. చీకట్లో జనం వచ్చి కూర్చున్నారు. దగ్గు లేదు, కదలిక లేదు. కోటిలింగం కప్పు చేతిలోకి తీసుకుని, చెప్పాల్సిన మాటలు తగ్గుగొంతుతో చెప్పాడు. బాగానే ఉంది. కుర్చీలో కూర్చోబోయాడు.

అప్పుడు తెలిసింది. చూపు కదిలింది. ఆయన మొహం మీద లేదు, చేతిలో కప్పు మీద లేదు. హాలు హాలంతా, ఆ చీకట్లో ఉన్న వందలమంది, ఎప్పటి దొరలో, ఎక్కడి దొరసానులో, ఒక్కుమ్మడిగా ఆయన కుడిమోకాలి వంక చూస్తున్నారు. మెల్లగా వంచుతాడా లేదా, నొప్పి పుడుతుందా అని.

ఆ మోకాలు పొన్నూరులో రథం దిగబోయి విరగ్గొట్టుకున్నాడు, ఇరవయ్యేళ్ళ కిందట. స్టేజీ మీద కుంటితే వేషాలు రావని ఎవరికీ చెప్పలేదు. తెల్లవార్లూ ఇసక మూట వేడిచేసి కాపడం పెట్టిన మనిషికి తప్ప ఆ సంగతి లోకంలో ఎవరికీ తెలియదు.

కోటిలింగం కూర్చోలేదు. సగం వంగి అలాగే ఉండిపోయాడు. ఏథెన్సు కొండ మీద తన్నింది ఎవరు? చర్చి ముందు మోకాళ్ళ మీద ప్రార్థించింది ఎవరు? రోములో ఈల వేసింది కూడా ఆవిడేనా? ఆవిడకి ఈల వేయడం వచ్చా? అసలు ఆవిడకి ఏమేం వచ్చో ఎప్పుడన్నా చూశాడా?

“నాన్నా, టీ చల్లారిపోతోంది,” అంది స్పీకరు.

ఆయన కప్పు బల్ల మీద పెట్టి, మాస్టారు చెప్పిన ఆ లేని గోడలోంచి నడిచి, చీకటి జనాన్ని దాటి, అద్దాల గది తలుపు తోశాడు. టోపీ రెండు చేతులా ఎత్తి తీసేశాడు. వెనక గొడౌన్లో పలకల గురక ఆగిపోయింది. ఊపిరితో, చెమటతో సహా రెండున్నర వేల ఏళ్ళ జనం లేచి వెళ్ళిపోయారు.

సామ్రాజ్యం ఆయన వంక చూసింది. “కాలు నొప్పా?” అని అడిగింది, టైమెంతైందని అడిగినట్టు.

ఢిల్లీ పెద్దలు నీళ్ళ సీసాలు అక్కడే వదిలేసి పోయారు. యంత్రం మళ్ళీ లేవలేదు. తోడుకున్నది తిరిగి పోసే దారి లేదని ప్రసూన ఏడుస్తూ చెప్పింది. “తల్లిచెట్టు చావలేదు మావయ్యా. చిగురు దానంతటది వెయ్యాల. వేస్తదో లేదో చెప్పే పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదు.”

ఇక కోటిలింగం చెయ్యని పని లేదు. ఉన్న పద్యాలన్నీ పాడాడు. పిసినారి ముసలాడి మాస్కు తగిలించుకుని వంటింట్లోకి దూకాడు. పాలగిన్నెలో రబ్బరు బల్లిని వేశాడు. సామ్రాజ్యం దాన్ని గరిటెతో తీసి గట్టు మీద పెట్టి, పాలు పొయ్యి మీద పెట్టింది. ఎదుటివాళ్ళని ఏడిపించి నవ్వించి బతికిన మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఏ దేవుడూ రాయలేడు.

జోజయ్య మాస్టారు ఒకరోజు వచ్చి వరండాలో కూర్చున్నాడు. సామ్రాజ్యం సంచి పట్టుకుని రేషన్ షాపుకి వెళ్ళింది. మాస్టారు అన్నాడు:

“నేను చెప్పిన చరిత్రంతా ఆడేవాళ్ళ చరిత్రే లింగం. మాస్కులు, బళ్ళు, తెరలు, దీపాలు. చూసేవాళ్ళని లెక్కపెట్టామే గాని, చూడటం ఎవడు ఎవడి దగ్గర నేర్చుకున్నాడో ఒక్క ముక్క రాసి లేదు. ఒక మాట అడుగుతా, ఏమనుకోవుగా? నువ్వు ఎప్పుడన్నా ఇంకొకళ్ళ ఆట చూశావా?”

“పక్కన నిలబడి చూడలా?”

“నీ పద్యం ఎప్పుడొస్తదా అని చూసుంటావు.”

ఆడలేక మద్దెల ఓడు అనడానికి కోటిలింగానికి అక్కడ మద్దెల కూడా లేదు.

మాస్టారు వెళ్ళాక సామ్రాజ్యం ఎండలో చెమటలు కక్కుకుంటూ వచ్చింది. బియ్యం సంచి గుమ్మంలో దించి, రోజూ చెప్పినట్టే సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని ఊఁ కొడుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆవిడ చెప్పడంలో ఉప్పూ కారం ఏమీ లేవు. జరిగింది జరిగినట్టు.

“ఎవత్తో చెప్పులు లైన్లో పెట్టి ఇంటికి పోయింది. మన వీధి పద్మావతి వచ్చి ఆ చెప్పులు పక్కకి తన్నింది. చెప్పులావిడొచ్చి, నా చెప్పులు తెల్లారినుంచీ నిలబడ్డయ్, నీకన్నా ముందొచ్చినయ్ అంది.”

కోటిలింగం పేపరు ముట్టుకోలేదు. కుర్చీ దిగి, పీట లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు. మోకాలు కలుక్కుమంది. పట్టించుకోలేదు.

“డీలరు ఏమన్నాడు?”

“ఆ చెప్పులకే వేలిముద్ర తీసుకుంటానన్నాడు.”

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు కొంచెం ముక్కులోకి పోయింది, డీలరు గొంతులాగా. ఎడమచెయ్యి తనకి తెలియకుండానే ఎత్తి చెప్పు పట్టుకున్నట్టు పట్టుకుంది. అది ఆయన చూశాడు. డీలరు కనిపించాడు. లైను కనిపించింది. ఎండలో పడి ఉన్న ఆ రెండు చెప్పులు కూడా కనిపించాయి. నవ్వు తన్నుకొచ్చింది. స్టేజీ మీద అరువు తెచ్చుకునే నవ్వు కాదు. కీచుగా, ముక్కు చీదినట్టు, వినడానికి అసహ్యంగా ఉన్న నవ్వు. నవ్వుతూ ఉంటే కళ్ళెమ్మట నీళ్ళు కారాయి. అవి వేరే నీళ్ళు.

సామ్రాజ్యం ఆగిపోయింది. అనుమానంగా చూసింది.

“ఏందయ్యా, ఇది కూడా వేషమేనా?”

“కాదు. చెప్పు. తర్వాత?”

“తర్వాత ఏముంది? ఇంకా గొడవైంది.”

“ఎట్టా? పద్మావతి ఊరుకుందా?”

ఆయనకి నిజంగానే తెలియదు. పద్మావతి ఊరుకుందో లేదో, చెప్పులకి బియ్యం ఇచ్చారో లేదో, ఏమీ తెలియదు. తెలుసుకోకపోతే ఊపిరి ఆడేట్టు లేదు. గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని, నోరు కాస్త తెరిచి, తలెత్తి ఆవిడ వంకే చూస్తున్నాడు.

సామ్రాజ్యం ఆ మొహం వంక చాలాసేపు చూసింది. బియ్యం సంచిని కాలితో పక్కకి జరిపి, మధ్యలో చోటు చేసుకుంది. చీరకొంగు లాగి బొడ్లో దోపుకుంది.

“ఊరుకుంటదా పద్మావతి?” అంది, గొంతు ఒక మెట్టు పైకి ఎత్తి.